సిటీ బాండ్లకు ఓటు వేసే ముందు లెక్క ఎలా చూసుకోవాలి? (టెక్సస్‌లో ఉంటున్నవారికి)

టెక్సస్‌లో సిటీ ఎన్నికలు ఎక్కువగా మే నెల మొదటి శనివారం జరుగుతాయి. నవంబరులో ఉండే హోరేమీ ఉండదు. పిల్లల క్లాసులు, కాస్ట్‌కో, ఎవరింట్లోనో గృహప్రవేశం వగైరాల్లో పడి ఆ రోజు ఎన్నిక ఉన్న సంగతే సగంమంది మరిచిపోతారు. వెళ్లినవాళ్లకు కౌన్సిల్ అభ్యర్థుల పేర్ల కింద ప్రపోజిషన్ ఎ, బి, సి అంటూ పొడుగాటి వాక్యాలు కనబడతాయి. వాటిలో రోడ్లు, పార్కులు, ఫైర్ స్టేషన్ల కోసం సిటీ బాండ్లు అమ్మి చేయబోయే అప్పు ఉంటుంది. ఆ అప్పు తీరడానికి సాధారణంగా ఇరవై ఏళ్లు పడుతుంది. తీర్చేది మన ప్రాపర్టీ ట్యాక్స్. బూత్‌లో నిలబడి మొదటిసారి చదివితే మాత్రం ఆ వాక్యాల్లోంచి ఏమీ తేలదు.

మనలో చాలామందికి ఇది కొత్త వ్యవహారం. మన దగ్గరా మున్సిపల్ బాండ్లున్నాయి. 2018లో జీహెచ్ఎంసీ 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయలు తెచ్చింది. అదే ఏడాది అమరావతి కోసం సీఆర్డీఏ 10.32 శాతానికి 2,000 కోట్లు తెచ్చింది. ఆ అప్పు చేయాలా వద్దా అని హైదరాబాద్‌లోగానీ విజయవాడలోగానీ ఓటరును అడిగినవాళ్లు లేరు. ఇక్కడ అడుగుతారు. అడిగినప్పుడు లెక్క చూసి చెప్పడమే మన పని. ఇంట్లో కూర్చుని చూసుకోగలిగిన లెక్కే అది.

ముందు దేనికి ఓటు అడుగుతున్నారో విడదీయండి

2024 మే 4న డాలస్ నగరం 1.25 బిలియన్ డాలర్ల బాండ్లకు అనుమతి అడిగింది. అది ఒక్క ప్రశ్న కాదు, పది. రోడ్లకు 521.2 మిలియన్లు, పార్కులకు 345 మిలియన్లకు పైన, వరద నివారణకు 52.1, లైబ్రరీలకు 43.5 మిలియన్లు. అలా దిగుతూ చివరికి ఐటీకి 5 మిలియన్లు. పదీ నెగ్గాయి. ‘బాండుకు ఓటేశావా?’ అని జనం ఒక్కటిగా అడుగుతారుగానీ, రోడ్లకు అవునని, మరొకదానికి కాదని చెప్పే వీలు మీకుంది. అందుకే మొదట సిటీ వెబ్‌సైట్‌లో శాంపిల్ బ్యాలెట్ దించుకుని, ఒక కాగితం మీద ప్రపోజిషన్ల అక్షరాలు, వాటి పక్కన మొత్తాలు రాసుకోండి.

అదే బ్యాలెట్ మీద స్కూల్ డిస్ట్రిక్ట్ బాండ్లు కూడా ఉండొచ్చు. అది వేరే సంస్థ, వేరే పన్ను. రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి ఎన్నికకూ తగులుతారు. ‘సిటీవాళ్లు మళ్లీ స్టేడియం కడుతున్నారట’ అన్న మెసేజ్ వస్తే, కట్టేది సిటీయా స్కూల్ డిస్ట్రిక్టా అన్నది ముందు చూడండి.

బ్రోషర్ పక్కన పెట్టి, ఓటర్ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ తెరవండి

2019లో వచ్చిన చట్టం ప్రకారం బాండ్ ఎన్నిక పెట్టే సిటీ ప్రతి ప్రపోజిషన్‌కూ ఒక ఓటర్ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ తయారుచేయాలి. దాన్ని ఎన్నికకు ముందు 21 రోజులపాటు వెబ్‌సైట్‌లో ఉంచాలి. రంగుల బొమ్మలేమీ లేని కాగితం కాబట్టి ఎవరూ దాన్ని షేర్ చేయరు. కానీ కావలసిన అంకెలన్నీ అందులోనే ఉంటాయి. కొత్త అప్పు అసలు, దాని మీద అంచనా వడ్డీ, రెండూ కలిపి మొత్తం. ఆ పక్కనే సిటీకి ఇప్పటికే ఉన్న పాత అప్పు, దాని మీద ఇంకా కట్టాల్సిన వడ్డీ. ఆఖర్న, లక్ష డాలర్ల విలువున్న ఇంటి మీద ఏడాదికి గరిష్ఠంగా ఎంత పన్ను పెరగొచ్చన్నది.

బ్యాలెట్ మీద కనబడేది అసలు మాత్రమేనని గుర్తుంచుకోండి. 100 మిలియన్ డాలర్లు 4 శాతం వడ్డీకి తెచ్చి, ఏటా 5 మిలియన్ల చొప్పున ఇరవై ఏళ్లలో అసలు తీర్చేస్తే వడ్డీయే 42 మిలియన్లవుతుంది. ఏటా సమానంగా కట్టే పద్ధతిలో అయితే వడ్డీ 47 మిలియన్లు. ఇందులో మోసమేమీ లేదు, అప్పన్నాక వడ్డీ ఉంటుంది. కానీ వంద అని విని ఓటేయడం వేరు, నూట నలభై ఏడు అని తెలిసి వేయడం వేరు.

లక్ష డాలర్ల ఇల్లు ఇప్పుడు ఫ్రిస్కోలోగానీ ప్లేనోలోగానీ ఎక్కడుంది? అందుకని ఆ అంకెను మీ ఇంటి విలువకు తగ్గట్టు పెంచుకోండి. పన్ను లెక్కకు వచ్చే మీ ఇంటి విలువ అయిదు లక్షలైతే అయిదుతో గుణించండి. ఇంకో సులువైన కొలత ఉంది. పన్ను రేటు వంద డాలర్ల విలువకు ఇన్ని సెంట్లని చెబుతారు. అయిదు లక్షల ఇంటికి ఒక్క సెంటు పెరిగితే ఏడాదికి 50 డాలర్లు. ఈ ఒక్క లెక్క నోటికి వస్తే మీటింగుల్లో ఎవరేం చెప్పినా అక్కడికక్కడే డాలర్లలోకి మార్చుకోవచ్చు.

డాక్యుమెంట్ కింద చిన్న అక్షరాల్లో వాళ్లు వేసుకున్న ఊహలుంటాయి. ఎంత వడ్డీ, ఎన్నేళ్ల కాలం, ఊళ్లో ఇళ్ల విలువ ఏటా ఎంత పెరుగుతుందనుకున్నారు అన్నవి. నా ఉద్దేశంలో మొత్తం కాగితంలో ముఖ్యమైనది ఈ మూడో ఊహే. విలువలు బాగా పెరుగుతాయని అనుకుంటే ఏ అప్పయినా తేలిగ్గానే కనబడుతుంది.

మీ ట్యాక్స్ బిల్లు బయటికి తీయండి

ఇంటి లోన్ ఉన్నవాళ్లకు ట్యాక్స్ ఎస్క్రో (లోన్ కంపెనీ పన్ను కోసం డబ్బు పక్కన పెట్టే ఖాతా) నుంచి వెళ్లిపోతుంది కాబట్టి బిల్లు ముఖం చూసేవాళ్లు తక్కువ. కౌంటీ ట్యాక్స్ ఆఫీసు సైట్‌లో మీ అడ్రస్ కొడితే వస్తుంది. అందులో సిటీకి, కౌంటీకి, స్కూల్ డిస్ట్రిక్టుకు, కాలేజీకి వేరువేరు వరసలుంటాయి. అన్నిటికన్నా పెద్దది మామూలుగా స్కూలుదే. సిటీ వరసలో మార్కెట్ విలువ కాక, హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (మనం ఉండే సొంతింటికిచ్చే పన్ను మినహాయింపు) పోను మిగిలిన ట్యాక్సబుల్ విలువ చూడండి. బాండు లెక్కలన్నీ దాని మీదే వేయాలి. ఎగ్జెంప్షన్ ఒక్కో సంస్థ ఒక్కోలా ఇస్తుంది కాబట్టి స్కూలు వరసలో ఉన్న విలువ, సిటీ వరసలో ఉన్నది ఒకటి కావు.

సిటీ రేటులో రెండు ముక్కలుంటాయి. జీతాలు, రోజువారీ ఖర్చులకు పోయేది ఒకటి, దాన్ని ఎం అండ్ ఓ అంటారు. అప్పు తీర్చడానికి పోయేది రెండోది, అది ఐ అండ్ ఎస్. బాండ్ల ప్రభావం నేరుగా పడేది ఈ రెండోదాని మీద. రెండూ విడివిడిగా కావాలంటే సిటీ బడ్జెట్ తెరిచి కవర్ పేజీ చూడండి. ఈ ఏడాది ప్రాపర్టీ ట్యాక్స్ కింద కిందటేటికన్నా ఎంత వసూలవుతుందన్నది అక్కడ పెద్ద అక్షరాల్లో రాయాలని చట్టం. దాని దగ్గర్లోనే ఎవరెవరు బడ్జెట్‌కు ఓటేశారు, అప్పు రేటు ఎంత, మొత్తం అప్పు ఎంత అన్నవీ ఉంటాయి. వందల పేజీల పుస్తకంలో మీకు కావలసింది ఆ ఒక్క పేజీ.

‘రేటు పెరగదు’ అన్న మాట దగ్గర ఆగండి

బాండు ప్రచారంలో ఎక్కువగా వినబడే మాట, ‘ట్యాక్స్ రేటు పెంచకుండానే’. చాలాసార్లు అది నిజం కూడా. కాకపోతే మీరు అడగాల్సిన ప్రశ్నకు అది జవాబు కాదు.

ఒక ఊహాలెక్క వేద్దాం. మీ ట్యాక్సబుల్ విలువ 4,50,000 డాలర్లు, అప్పు రేటు 15 సెంట్లు అనుకోండి. ఏడాదికి 675 డాలర్లు కడుతున్నారు. సిటీ పాత అప్పులు కొన్ని ఈ ఏడాదితో తీరిపోతున్నాయి. కొత్త బాండు లేకపోతే రేటు 12 సెంట్లకు దిగొచ్చు, అంటే 540. కొత్త బాండు నెగ్గితే 15 దగ్గరే నిలుస్తుంది. బ్రోషర్‌లో ‘పెంపు: సున్నా’ అని ఉంటుంది. మీకు పడే ధర ఏడాదికి 135 డాలర్లు. పైగా ఇంటి విలువ అయిదు లక్షలకు పెరిగితే అదే 15 సెంట్లకు బిల్లు 750 అవుతుంది. కారు లోన్ తీరిన నెలలోనే ఇంకో కారు తెచ్చి ‘మా నెలవారీ పేమెంట్ ఏమీ పెరగలేదు’ అన్నట్టుంటుంది ఇది. ఆ రెండో కారు అవసరమే కావచ్చు. కానీ ఊరికే రాలేదు.

కాబట్టి సిటీవాళ్లు పెట్టే టౌన్‌హాల్‌కు వెళ్తే ‘రేటు పెరుగుతుందా?’ అని అడక్కండి. ‘ఈ బాండు ఓడిపోతే అయిదేళ్ల తర్వాత అప్పు రేటు ఎంతుంటుంది, నెగ్గితే ఎంతుంటుంది?’ అని అడగండి. ఫైనాన్స్ ఆఫీసులో ఈ అంచనా వేసుకోకుండా ఎన్నిక దాకా రారు. సూటిగా అంకె చెప్పేవారి మీద నాకు గౌరవం. సిటీ క్రెడిట్ రేటింగుల గురించి, ఊరి అభివృద్ధి గురించి మొదలుపెడితే మళ్లీ అదే ప్రశ్న అడగండి.

స్కూలు బాండ్లలో దీనికి అచ్చం తిరగేసిన తమాషా ఉంది. 2019 నుంచి ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్ బాండు బ్యాలెట్ మీదా ‘ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు’ అన్న వాక్యం పెద్దక్షరాల్లో ఉండాలి. రేటు ఒక్క సెంటు పెరగకపోయినా సరే, ఆ వాక్యం తప్పదు. అంటే అలాంటి అప్పుకే సిటీ బ్రోషర్‌లో ‘పెంపు లేదు’, స్కూలు బ్యాలెట్ మీద ‘పెంపు’. ఏ ముద్ర చూసీ నిర్ణయించుకోకండి. బాండు నెగ్గితే ఎంత, ఓడితే ఎంత అన్న పై తేడా కనుక్కోండి.

పాత బాండ్ల డబ్బు ఎక్కడిదాకా వచ్చిందో చూడండి

ఓటర్లు ఇచ్చేది అనుమతి మాత్రమే. బాండ్లను సిటీ ఒక్కసారిగా అమ్మదు, ప్రాజెక్టులు నడిచేకొద్దీ విడతలుగా ఏళ్లపాటు అమ్ముతుంది. కిందటిసారి మీరు ఒప్పుకున్నదాంట్లో ఎంత వాడారు, ఏం కట్టారు అన్నది కొత్త అప్పు అడిగేటప్పుడు సహజంగా వచ్చే ప్రశ్న.

దీనికి ఎమ్మా (EMMA) అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది, మున్సిపల్ బాండ్ల మార్కెట్ నియంత్రణ బోర్డు నడుపుతుంది. అందులో మీ ఊరి పేరు వెతికి, ఈమధ్య అమ్మిన బాండ్ల ‘అఫీషియల్ స్టేట్‌మెంట్’ తెరవండి. బాండ్లు కొనేవాళ్ల కోసం సిటీ రాసిన పత్రం అది. ఓటరుకు పంపే బ్రోషర్ కన్నా నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. కొనేవాళ్లకు తప్పుడు సమాచారం ఇస్తే సెక్యూరిటీస్ చట్టం మెడకు చుట్టుకుంటుంది, అందుకే ప్రతి అంకెనూ లాయర్లు చూస్తారు.

మొత్తం చదవక్కర్లేదు, రెండు పట్టికలు చాలు. మొదటిది ఏ ఏడాది ఎంత అసలు, ఎంత వడ్డీ కట్టాలన్న షెడ్యూలు. ఆ నిలువు వరస మీద వేలు పెట్టి కిందికి దిగితే పాత అప్పు ఎప్పుడు తగ్గుతుందో తెలిసిపోతుంది. రేటు పెరగకుండా కొత్త అప్పుకు చోటెక్కడ దొరికిందో కూడా అక్కడే అర్థమవుతుంది. రెండోది, అనుమతి వచ్చినా ఇంకా అమ్మని బాండ్ల పట్టిక. ఏ ఎన్నికలో, ఏ పనికి, ఎంత ఒప్పుకున్నారు, అందులో ఎంత అమ్మారు, ఎంత మిగిలింది. పార్కుల వరసలో పాత అనుమతి బోలెడు మిగిలుండగానే మళ్లీ పార్కులకు అడుగుతుంటే కారణం కనుక్కోండి. సరైన కారణమే ఉండొచ్చు. స్థలం కొనుగోలు ఆలస్యం కావడం, రాష్ట్ర రహదారి శాఖతో కలిసి చేసే పని నిలిచిపోవడం మామూలే. అడగందే మాత్రం చెప్పరు.

బ్యాలెట్ మీద ఉన్నదొకటి, బ్రోషర్‌లో ఉన్నదొకటి

బ్రోషర్‌లో మీ సబ్‌డివిజన్ పక్క రోడ్డు వెడల్పు చేస్తామని మ్యాపు వేసి చూపిస్తారు. బ్యాలెట్ మీద మాత్రం ‘వీధుల నిర్మాణం, మెరుగుదల’ అని ఉంటుంది. సిటీకి గట్టిగా కట్టుబాటు ఉండేది బ్యాలెట్ మాటలకు, ఎన్నిక ప్రకటిస్తూ కౌన్సిల్ చేసిన ఆర్డినెన్సుకు (స్థానిక చట్టానికి). రోడ్ల పేరు మీద తెచ్చిన డబ్బు లైబ్రరీకి మళ్లించడం కుదరదు. కానీ ధరలు పెరిగి మ్యాపులో ఉన్న రోడ్డు జాబితాలోంచి జారిపోవడం కుదురుతుంది. ఆర్డినెన్సులో మీ రోడ్డు పేరు రాసుందా, లేక ‘వగైరా’ కింద వెళ్లిపోయిందా అన్నది చూసుకోండి.

కట్టడానికే కాదు, నడపడానికీ డబ్బు కావాలి

బాండు డబ్బుతో జీతాలివ్వడం కుదరదు. కొత్త ఫైర్ స్టేషన్ కడితే మూడు షిఫ్టుల సిబ్బంది కావాలి, కొత్త లైబ్రరీకి పుస్తకాలు, కరెంటు, మనుషులు కావాలి. అదంతా ఎం అండ్ ఓ ముక్కలోంచి ఏటా పోతుంది. ఓటర్ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్‌లో ఈ ఖర్చు చెప్పాలన్న నియమం లేదు. అందుకని దీన్ని విడిగా అడగాల్సిందే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2019లోనే రాష్ట్రం ఇంకో చట్టం తెచ్చింది. సాధారణంగా సిటీలు ఎం అండ్ ఓ కింద ప్రాపర్టీ ట్యాక్స్ వసూలును, కొత్త నిర్మాణాలను మినహాయించి, ఏటా 3.5 శాతానికి మించి పెంచాలంటే జనం ఓటు కావాలి. అప్పు ముక్కకు ఆ పరిమితి లేదు. దాంతో మామూలు బడ్జెట్‌లో పెట్టాల్సిన వాటిని కూడా బాండ్లలోకి తోయాలన్న ఆశ ఏ సిటీకైనా కలుగుతుంది. వస్తువు ఆయుష్షు చూడండి. కాంక్రీటు రోడ్డుకు, వరద కాలువకు ఇరవై ఏళ్ల అప్పు న్యాయమే, రేపు వచ్చేవాళ్లు కూడా వాడుకుంటారు కాబట్టి వాళ్లూ కట్టాలి. కంప్యూటర్లకు, వాహనాలకు అంతకాలం అప్పంటే అప్పుచేసి పప్పుకూడే. అలాంటివి ఉంటే వాటికి తక్కువ కాలపు బాండ్లు అమ్ముతారా అని అడగండి. చాలా సిటీలు అలాగే చేస్తాయి.

ఎవరు పెట్టిన బోర్డో చూడండి

సిటీ తన డబ్బుతో ‘ఓటు వేయండి’ అని గానీ, ‘వేయకండి’ అని గానీ ప్రచారం చేయకూడదు. అందుకే సిటీ కాగితాలన్నీ ‘సమాచారం మాత్రమే’ అంటాయి. రోడ్డు పక్క బోర్డులు, మెయిల్‌బాక్స్‌లో పడే కార్డులు పొలిటికల్ యాక్షన్ కమిటీలవి. వాటికి చందాలిచ్చినవారి జాబితా సిటీ సెక్రటరీ దగ్గర దాఖలవుతుంది, ఎవరైనా చూడొచ్చు. ఇంజినీరింగ్, నిర్మాణ కంపెనీల పేర్లు కనబడితే ఆశ్చర్యపోకండి, పని దొరికేది వాళ్లకే. అంతమాత్రాన బాండు చెడ్డది కాదు. వ్యతిరేకించేవాళ్ల జాబితా కూడా అదే పట్టుదలతో చూడండి.

ఓడిపోతే ఏమవుతుంది?

టెక్సస్‌లో సగం కన్నా ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటి సిటీ బాండ్లకు మూడింట రెండొంతులు రావాలి. 2022 జూన్‌లో అక్కడి రవాణా సంస్థ మ్యూనీకి 400 మిలియన్ డాలర్ల బాండు 65 శాతం ఓట్లొచ్చినా ఓడిపోయింది.

ఇక్కడ ఓడిపోయిన పని మళ్లీ ఒకటి రెండేళ్లలో బ్యాలెట్ మీదికి రావొచ్చు. కౌన్సిళ్లకు ఇంకో దారి కూడా ఉంది. ‘సర్టిఫికెట్స్ ఆఫ్ ఆబ్లిగేషన్’ పేరుతో ఓటు లేకుండానే అప్పు చేయొచ్చు. నిర్ణీత గడువులోగా అయిదు శాతం ఓటర్లు సంతకాలు పెడితేనే దానికి ఎన్నిక. అయితే జనం ఓడించిన పనికి మూడేళ్లపాటు, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ దారిన వెళ్లకూడదు. సిటీ మొత్తం అప్పు చూసేటప్పుడు ఈ సర్టిఫికెట్లు ఎంతున్నాయో కూడా లెక్కలోకి తీసుకోండి. ఓటు అడగని అప్పు అది. రోడ్డు మరమ్మతులు వాయిదా పడితే తర్వాత ఖర్చు పెరుగుతుందన్న వాదన మాత్రం నిజమే, గుంతలు పూడ్చే దశ దాటితే రోడ్డంతా తవ్వి వేయాలి.

బూత్‌కు వెళ్లేటప్పుడు

ఓటరుగా నమోదుకు ఎన్నికకు 30 రోజుల ముందే గడువు ముగుస్తుంది. మీ నిర్ణయాలు కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. ఓటింగ్ యంత్రాల దగ్గర ఫోను వాడనివ్వరు, రాసుకున్న చీటీ చూసుకోవచ్చు. ఇంగ్లిష్ చదవలేని అమ్మానాన్నలు సిటిజన్లయి ఉంటే తోడుగా మీరు వెళ్లి సాయం చేయొచ్చు. సాయం చేసేవారు వాళ్ల యజమానిగానీ యూనియన్ ప్రతినిధిగానీ కాకూడదు. మీరు చదివి వినిపించాలి, ఓటు ఎటో చెప్పాల్సింది వాళ్లు.

హెచ్1బీ మీద, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లు పన్ను పూర్తిగా కడతారు, ఓటు లేదు. డ్రైవింగ్ లైసెన్స్ కాగితాల్లో ఓటరు నమోదు గడి పొరపాటున కూడా టిక్ చేయకండి, ఇమిగ్రేషన్‌లో పెద్ద చిక్కవుతుంది. అయితే సిటీ కౌన్సిల్ మీటింగులో మాట్లాడటానికి సిటిజన్ అయి ఉండక్కర్లేదు. పేరిచ్చి, మైకు ముందు మీ వంతు వచ్చినప్పుడు చెప్పడమే. బాండు ఎన్నిక మేలో అయినా, చాలా సిటీల్లో ఆ ఏటి పన్ను రేటు ఖరారయ్యేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, అక్టోబరు 1న కొత్త బడ్జెట్ మొదలయ్యేలోపు. బహిరంగ విచారణ తేదీలు సిటీ సెక్రటరీ పేజీలో పెడతారు. మే నెలలో మీకు చెప్పిన అయిదేళ్ల అంచనా కాగితం దాచుకుని ఉంటే, అది చేతిలో పెట్టుకుని ఆ విచారణకు వెళ్లండి.